మిషిగన్ సరస్సు ఒడ్డు పార్కులు: పాస్ కొనడం దగ్గర్నుంచి ఇసుక దులుపుకుని ఇల్లు చేరేదాకా

మే నెల సగం దాటగానే ఫోన్లు మొదలవుతాయి. ట్రాయ్, నోవై, కాంటన్ వైపు నుంచి, అటు షికాగో పక్క నేపర్‌విల్ నుంచి అందరిదీ ఒకటే ప్రశ్న: "పిల్లల్ని తీసుకుని మిషిగన్ సరస్సుకి వెళ్దామనుకుంటున్నాం, ఏ బీచ్ బాగుంటుంది?"

ఏ బీచ్ అన్నది రెండో ప్రశ్న. మొదట అడగాల్సింది ఆ రోజు గాలి ఎటు నుంచి వీస్తుందని. మన బాపట్ల, భీమిలి వాళ్లు పోటు చూసుకుని నీళ్లలో దిగుతారు. ఈ సరస్సుకి చెప్పుకోదగ్గ పోటూ పాటూ లేవు. ఇక్కడ అన్నీ గాలే నడిపిస్తుంది. కింద చెప్పేదంతా సరస్సు తూర్పు ఒడ్డు, అంటే మిషిగన్ రాష్ట్రం పడమటి తీరం గురించి. వేసవిలో ఒక రోజుకో రెండు రోజులకో వెళ్లే కుటుంబాల కోసం.

1. ముందు పార్కు ఎంచుకోండి, కానీ రెండు ఎంచుకోండి

ఒకటి సరస్సు ఒడ్డుది. రెండోది దాని దగ్గర్లోనే ఉన్న చిన్న సరస్సుది. పెద్ద సరస్సులో అలలు లేచిన రోజున పిల్లల్ని ఏడిపించకుండా పక్కకు తీసుకెళ్లడానికి ఈ రెండోది కావాలి.

లడింగ్టన్ స్టేట్ పార్కుని నేను అందరికంటే ముందు చెప్పేది అందుకే. ఒక పక్క మిషిగన్ సరస్సు, ఇంకో పక్క హామ్లిన్ సరస్సు. రెంటికీ బీచ్ ఉంది. హామ్లిన్ నీళ్లు వెచ్చగా, లోతు తక్కువగా ఉంటాయి. డెట్రాయిట్ పక్క నుంచి కారులో నాలుగు గంటల దారి.

షికాగో వాళ్లకి దగ్గరిది వారెన్ డ్యూన్స్, గంటన్నర పైచిలుకు. మూడు మైళ్ల తీరం, వెనకాలే ఇసుక కొండలు. హాలండ్ స్టేట్ పార్కులో ఇసుక మెత్తగా ఉంటుంది, ఎదురుగా ఎర్ర లైట్‌హౌస్ కనిపిస్తుంది. అయితే సెలవు రోజున పార్కింగు తొందరగా నిండిపోతుంది. గ్రాండ్ హేవెన్ ఊళ్లోనే ఉంది కాబట్టి హోటళ్లూ ఐస్‌క్రీమ్ షాపులూ నడిచే దూరంలోనే. మస్కీగన్ స్టేట్ పార్కుకి మిషిగన్ సరస్సుతో పాటు మస్కీగన్ సరస్సు ఒడ్డు కూడా ఉంది. తేనెపట్టు గళ్ల రాళ్లు ఏరుకోవాలనుంటే ఇంకా ఉత్తరానికి, పెటాస్కీ దాకా వెళ్లాలి.

పెద్ద ఇసుక కొండలున్న స్లీపింగ్ బేర్ డ్యూన్స్ మాత్రం స్టేట్ పార్కు కాదు, కేంద్ర ప్రభుత్వపు నేషనల్ పార్క్ సర్వీసుది. ఈ తేడా పాస్ దగ్గర బయటపడుతుంది.

2. పాస్ సంగతి ఇంట్లోనే తేల్చుకోండి

మిషిగన్‌లో ఉండేవాళ్లు కారు రిజిస్ట్రేషన్ చేయించేటప్పుడే "రిక్రియేషన్ పాస్‌పోర్ట్" అనే స్టేట్ పార్కుల ప్రవేశ పాస్ తీసుకోవచ్చు. తీసుకుంటే నంబర్ ప్లేటు మీద అంటించే స్టిక్కర్‌లో "పీ" అక్షరం ఉంటుంది. ఒకసారి ప్లేటు చూసుకోండి. చాలామంది ఆ డబ్బు కట్టి మర్చిపోయి గేటు దగ్గర మళ్లీ కొనబోతారు. రిజిస్ట్రేషన్‌తో కాకుండా గేటు దగ్గర తీసుకుంటే కొంచెం ఎక్కువ పడుతుంది.

వేరే రాష్ట్రం ప్లేటు ఉన్న కారుకి రోజు పాస్ గానీ ఏడాది పాస్ గానీ గేటు దగ్గరే ఇస్తారు. పాస్ కారుకే, మనుషులకు కాదు. నాలుగు కుటుంబాలు నాలుగు కార్లలో వెళ్తే నాలుగు పాసులు.

స్లీపింగ్ బేర్‌కి ఇది పనికిరాదు. దానికి ఫెడరల్ పాస్ వేరే కావాలి. ఊళ్ల సొంత బీచ్‌లకు పార్కింగు రుసుము మళ్లీ వేరు.

రాత్రి టెంటు వేసుకునే ఆలోచన ఉంటే, దిగే తేదీకి ఆరు నెలల ముందే స్టేట్ పార్కుల బుకింగ్ తెరుచుకుంటుంది. జూలై శనివారాలు వెంటనే అయిపోతాయి. జనవరిలోనే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. దొరక్కపోతే ఆదివారం నుంచి బుధవారం దాకా చూడండి, ఎవరైనా రద్దు చేసుకున్న స్థలాలు వారం మధ్యలోనే ఎక్కువగా కనిపిస్తాయని నా అనుభవం.

3. ముందు రోజు రాత్రి: గాలి చూడటం

ఈ గైడ్ అంతట్లో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

వాతావరణం యాప్ తెరిచి ఎండ బొమ్మ చూసి మూసేస్తాం. అది చాలదు. ఎండ బాగా కాసే రోజునే అలలు ఐదడుగులు లేవొచ్చు. నేషనల్ వెదర్ సర్వీసు పేజీలో ఆ తీరానికి "బీచ్ హజార్డ్స్ స్టేట్‌మెంట్" (బీచ్ ప్రమాదాల హెచ్చరిక) ఉందా, అలల ఎత్తు ఎంత రాశారు, గాలి ఏ దిక్కు నుంచి, ఈ మూడూ చూడండి.

తూర్పు ఒడ్డున గాలిని ఇలా చదువుకోవాలి:

- పడమర, నైరుతి, వాయవ్యం నుంచి: గాలి నీళ్ల మీదుగా మన మీదికి వస్తుంది. సరస్సు అడ్డంగా అత్యధికంగా 118 మైళ్లు, పొడవునా 307 మైళ్లు. అంత మేర అడ్డు లేకుండా వచ్చిన గాలి పెద్ద అలల్ని తెస్తుంది. అలల ఎత్తు 3 అడుగులు దాటుతుందని రాసి ఉంటే పిల్లలతో నీళ్లలోకి వద్దు, రెండో పార్కుకి వెళ్లండి.
- తూర్పు నుంచి: నీళ్లు అద్దంలా ఉంటాయి, అందరూ మోసపోయేది ఇక్కడే. గాలి నేల మీద నుంచి సరస్సులోకి తోస్తుంది. గాలి నింపిన ఈత ఉంగరాలు, బాతు బొమ్మలు, పడవలు నిమిషాల్లో లోపలికి కొట్టుకుపోతాయి.
- ఉత్తరం నుంచి: పైనున్న వెచ్చటి నీళ్లు లోపలికి జరిగిపోయి అడుగున ఉన్న చన్నీళ్లు ఒడ్డుకి వస్తాయి. తూర్పు గాలికీ ఇలా అవుతుంది. నిన్న 70 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్న నీళ్లు ఇవాళ 50ల్లోకి పడిపోవచ్చు. జూలై కదా, వెచ్చగానే ఉంటాయిలే అనుకోకండి.

మా చిన్నది అయిదేళ్లప్పుడు తూర్పు గాలి రోజున దాని ఈత ఉంగరం చేతిలోంచి జారింది. ఒడ్డుకి పదడుగుల్లోనే ఉంది. నేను నాలుగడుగులు వేసేసరికి అది ముప్ఫై అడుగులకు పోయింది. వదిలేసి వెనక్కి వచ్చాను. పిల్ల గంటసేపు ఏడ్చింది. ఆ ఉంగరం వెనక ఈదుకుంటూ వెళ్లినవాళ్లు తిరిగి రాలేకపోయిన సంగతులు అప్పటికే విని ఉన్నాను కాబట్టి ఆగాను. మీ పిల్లలకు కారులోనే చెప్పండి: బొమ్మ పోతే పోనిద్దాం, కొత్తది కొనుక్కుందాం.

ఉరుములతో వాన వెళ్లిపోయాక ఆకాశం తేటపడగానే దిగడం ఇంకో పొరపాటు. గాలివాన తోసిన నీళ్లు తర్వాత వెనక్కి మళ్లుతూ బలమైన ప్రవాహాలు పుట్టిస్తాయి. 2003 జూలై 4న వారెన్ డ్యూన్స్ పరిసరాల్లో ఒక్కరోజే ఏడుగురు మునిగిపోయారు. గాలివాన వెళ్లిపోయి, ఒడ్డున జనం మళ్లీ నీళ్లలోకి దిగాక జరిగిందది.

4. సామాను

నీళ్లకు:

- లైఫ్ జాకెట్లు, ఒక్కో పిల్లకి ఒక్కోటి, కోస్ట్ గార్డ్ ఆమోదం ముద్ర ఉన్నవి. చేతులకు తొడిగే గాలి బుడగలు లైఫ్ జాకెట్‌కి బదులు కావు.
- విసరడానికి పనికొచ్చే తేలే వస్తువు, పొడవాటి తాడు. ఖాళీ కూలర్ కూడా తేలుతుంది.
- ముదురు రంగు కాదు, కళ్లకు కొట్టొచ్చే నారింజ, గులాబీ, చిలకపచ్చ రంగు ఈత దుస్తులు. నీలం రంగు నీళ్లలో కనపడదు.

ఒడ్డుకి:

- గొడుగు లేదా చిన్న టెంటు. ఇసుకలో లోతుగా దిగే మేకులతో. తేలిక గొడుగులు గాలికి ఎగిరి పక్కవాళ్లకి తగులుతాయి.
- చెప్పులు. జూలై మధ్యాహ్నం పొడి ఇసుక అరికాళ్లు కాలుస్తుంది.
- సన్‌స్క్రీన్. మన ఒంటి రంగుకి అవసరం లేదనుకునేవాళ్లు సాయంత్రానికి భుజాలు మండుతుంటే తెలుసుకుంటారు.
- ఒక స్వెటర్ లేదా శాలువా. 85 డిగ్రీల రోజున కూడా పొద్దు వాలాక గాలి చల్లగా తగులుతుంది.
- పల్చటి పొడుగు ప్యాంటు, సాక్సులు. గాలి నేల వైపు నుంచి వీచే రోజుల్లో కుట్టే ఈగలు చీలమండల మీద పడతాయి. దోమల మందుకి అవి అంతగా బెదరవు.
- టాల్కం పౌడర్. పొడి కాళ్ల మీద చల్లి రుద్దితే ఇసుక రాలిపోతుంది.

మ్యాపులు ఫోన్‌లో ముందే దించుకోండి. స్లీపింగ్ బేర్ చుట్టుపక్కల చాలాచోట్ల సిగ్నల్ ఉండదు.

5. బయల్దేరే వేళ

శని, ఆదివారాల్లో పది గంటలకల్లా పార్కు గేటులో ఉండండి. హాలండ్, గ్రాండ్ హేవెన్‌లు నిండితే కార్లను వెనక్కి పంపేస్తారు. అంత పొద్దున్నే కుదరకపోతే మధ్యాహ్నం మూడున్నర, నాలుగు తర్వాత చేరండి. పొద్దున వచ్చినవాళ్లు అప్పటికి సర్దుకుంటుంటారు. జూన్ చివర్లో సూర్యాస్తమయం తొమ్మిదిన్నర దగ్గర కాబట్టి ఐదు గంటల పొద్దు ఇంకా మిగిలే ఉంటుంది.

షికాగో నుంచి వచ్చేవాళ్లు ఒక గంట కలుపుకోండి. ఇండియానా డ్యూన్స్ దాకా మీ టైమే. మిషిగన్ రాష్ట్రంలో అడుగు పెట్టగానే గడియారం గంట ముందుకి జరుగుతుంది.

6. చేరాక మొదటి పదిహేను నిమిషాలు

సామాను దింపకముందే జెండా చూడండి.

- ఆకుపచ్చ: అలలు తక్కువ. జాగ్రత్త తీసేయమని కాదు.
- పసుపు: మోకాలి లోతు దాటొద్దు, పిల్లల పక్కనే ఉండండి.
- ఎర్రది ఒకటి: ఒడ్డునే ఆడుకోండి.
- ఎర్రవి రెండు: నీళ్లలో దిగడం నిషేధం. స్టేట్ పార్కు బీచ్‌లో దిగితే 500 డాలర్ల దాకా జరిమానా పడొచ్చు.

ఈ స్టేట్ పార్కు బీచ్‌లలో లైఫ్‌గార్డులు ఉండరు. ఇది మనవాళ్లకి తెలియదు. ఎత్తు కుర్చీలో విజిల్ పట్టుకుని ఎవరో కూర్చుని ఉంటారని అనుకుంటారు. ఎవరూ ఉండరు. కాబట్టి మీలోనే ఒకరు కాపలా. ఇరవై నిమిషాలకొకరు వంతులు వేసుకోండి. వంతులో ఉన్నవాళ్ల చేతిలో ఫోన్ ఉండకూడదు, ప్లేటు ఉండకూడదు. "అందరం చూస్తూనే ఉన్నాం" అన్నచోట నిజానికి ఎవరూ చూడరు.

పనిలో పనిగా లైఫ్ రింగు ఎక్కడ వేలాడదీశారో, బీచ్‌లో మీరున్న చోటికి గుర్తుగా ఏ బోర్డు ఉందో చూసుకోండి. 911కి ఫోన్ చేస్తే మొదట అడిగేది అదే.

7. నీళ్లలో

ఉప్పు లేని నీళ్లు మనిషిని సముద్రమంతగా తేల్చవు. అలల మధ్య ఎడం కూడా తక్కువ. ఒక అల కొట్టి ఊపిరి తీసుకునేలోపు ఇంకోటి వస్తుంది. విశాఖలో ఈదినవాళ్లు కూడా ఇక్కడ తొందరగా అలిసిపోయేది ఇందుకే.

అడుగు నేల ఏటవాలుగా దిగదు. నడుం లోతు, తర్వాత గుంట, మళ్లీ మోకాలి లోతు ఇసుక మెట్ట, దాని అవతల మళ్లీ గుంట. మెట్ట మీద హాయిగా నిలబడి ఆడుకున్న పిల్లవాడు ఒడ్డుకి వస్తూ గుంటలో మునుగుతాడు. మెట్ట దాకా వెళ్లాలంటే లైఫ్ జాకెట్ ఉండాలి, పక్కన పెద్దవాళ్లు ఉండాలి.

చీరలు, చుడీదార్లు, జీన్సులతో దిగకండి. "పాదాలు తడుపుకుంటాం అంతే" అని మొదలై నడుం దాకా వెళ్తాం. తడిసిన గుడ్డ కాళ్లకు చుట్టుకుంటే లేచి నిలబడటమే కష్టం. అమ్మమ్మలకైనా మోకాళ్ల దాకా ఉండే తేలిక దుస్తులు ఒక జత తీసుకెళ్లండి.

మే, జూన్ మొదట్లో నీళ్లు గడ్డకట్టించేంత చల్లగా ఉంటాయి. ఒక్కసారిగా దూకితే మొదటి నిమిషంలో ఊపిరి ఎగబీల్చుకుంటుంది, ఆ గుక్కలోనే నీళ్లు మింగుతారు. మెల్లగా, ముందు కాళ్లు, తర్వాత చేతులు, మెడ తడుపుకుంటూ దిగండి.

పియర్ల గురించి. లైట్‌హౌస్ దాకా సాగిన ఆ కాంక్రీటు గోడ మీద ఫోటో తీసుకోని కుటుంబం ఉండదు. ప్రశాంతంగా ఉన్న రోజు నడవండి. పైకి అలలు ఎక్కుతున్న రోజు, కాంక్రీటు తడిగా కనిపించిన రోజు, దాని మీద అడుగు పెట్టొద్దు. దాని పక్కన ఈదడం ఏ రోజైనా తప్పే. గోడకు తగిలిన నీళ్లు దారి లేక గోడ వెంటే లోపలికి పరుగెడతాయి. ఆ ప్రవాహం ఎప్పుడు బలపడుతుందో ఒడ్డు నుంచి కనపడదు. కనీసం ఒక ఫుట్‌బాల్ మైదానమంత దూరం పాటించండి. ఏటి ముఖద్వారాల దగ్గర కూడా ఇంతే. పైగా పెద్ద వాన తర్వాత అక్కడి నీళ్లు మురికిగా ఉంటాయి.

ప్రవాహం లాగితే చేయాల్సింది, ఇదే వరసలో:

1. వెల్లకిలా తిరగండి.
2. తేలుతూ ఊపిరి నెమ్మదించుకోండి. ఒడ్డు వైపు ఎదురీదకండి.
3. ప్రవాహం ఎటు లాగుతోందో గమనించి, దానికి అడ్డంగా, ఒడ్డుకి సమాంతరంగా ఈది బయటపడ్డాక ఒడ్డు వైపు తిరగండి. ఈదే శక్తి లేకపోతే తేలుతూ చెయ్యి ఊపండి.

పియర్ పక్కన ఒక పక్క గోడే ఉంటుంది కాబట్టి గోడకు దూరంగా కదలాలి. నిచ్చెన చేతికి అందితే పట్టుకోండి.

ఎవరైనా మునుగుతుంటే ఒట్టి చేతులతో దూకకండి. ఒకరు 911కి చెప్పాలి, ఒకరు తేలే వస్తువు విసరాలి, ఒకరు మునిగే మనిషి మీద నుంచి చూపు తిప్పకుండా వేలితో చూపిస్తూ ఉండాలి. కన్నబిడ్డ మునుగుతుంటే ఆగలేమన్నది నిజమే. అందుకే ఆ తేలే వస్తువు టెంటులో కాదు, నీళ్ల అంచున మీ కాళ్ల దగ్గర పెట్టుకోమనేది. దూకినా దాంతోనే దూకుతారు.

8. ఇసుక కొండలు ఎక్కేటప్పుడు

స్లీపింగ్ బేర్‌లో డ్యూన్ క్లైంబ్ అనే ఇసుక కొండ ఎక్కితే అవతల సరస్సు ఉంటుందని అందరూ అనుకుంటారు. ఉండదు. పైకెళ్తే ఇంకో దిబ్బ, దాని వెనక ఇంకోటి. సరస్సు దాకా వెళ్లి రావడానికి మూడున్నర మైళ్లు, మూడు నాలుగు గంటలు, అంతా ఇసుకలో. నీడ లేదు, నీళ్లు లేవు. పిల్లలతో అయితే మొదటి దిబ్బ ఎక్కి దొర్లుకుంటూ దిగేసి, ఎదురుగా ఉన్న లిటిల్ గ్లెన్ సరస్సు దగ్గర భోజనం చేయండి.

స్లీపింగ్ బేర్‌లోనే పియర్స్ స్టాకింగ్ డ్రైవ్ అనే కారు దారిలో 450 అడుగుల ఎత్తు నుంచి సరస్సు చూసే చోటు ఉంది. కింద నీళ్లు పిలుస్తున్నట్టే ఉంటాయి. దిగడానికి నిమిషాలు చాలు. ఎక్కడానికి రెండు గంటలు పట్టొచ్చు, చేతులూ కాళ్లూ నేలకు ఆనించి పాకాలి. రక్షించడానికి మనుషులు రావాల్సి వస్తే ఖర్చు మీ మీద పడొచ్చని అక్కడే బోర్డు ఉంది. గుండె, మోకాళ్ల ఇబ్బంది ఉన్నవాళ్లు పైనుంచే చూడాలి. యవ్వనంలో ఉన్నవాళ్లకీ నేను వద్దనే చెబుతాను.

దారి పక్క మూడు మూడు ఆకులుగా ఉండే పాయిజన్ ఐవీని పిల్లలకి ముందే చూపించండి. తాకితే దద్దుర్లు. ఇసుకని పట్టి ఉంచే గడ్డి మీద నడవొద్దు.

9. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో

పార్కింగు నుంచి నీళ్ల దాకా ఇసుకలో నడకే వాళ్లకి అసలు కష్టం. కొన్ని పార్కుల్లో ఇసుక మీద పరిచిన చాప దారులు, ట్యాంకులా పట్టాల మీద కదిలే చక్రాల కుర్చీలు ఉన్నాయి. ముందే ఫోన్ చేసి అడిగితే ఉంచుతారు. గ్రాండ్ హేవెన్‌లో కారు పెట్టిన చోటి నుంచే సరస్సు కనిపిస్తుంది, నడక తక్కువ. లడింగ్టన్‌లో బిగ్ సేబుల్ లైట్‌హౌస్‌కి ఒకవైపే రెండు మైళ్ల దాకా నడవాలి, వాళ్లని బయల్దేరదీసేముందు ఆ మాట చెప్పండి.

మనవాళ్లు సముద్రంలోంచి సూర్యుడు లేవడం చూసి పెరిగారు. ఇక్కడ నీళ్లలోకి దిగడం చూస్తారు. మా నాన్నగారు ఆ అరగంటసేపు మాట్లాడలేదు. కాబట్టి వాళ్లతో వెళ్తే పొద్దున కాకుండా సాయంత్రం వెళ్లండి.

10. తిండి, నిప్పు

పులిహోర, చపాతీ చుట్టలు ఇసుకలో తినడానికి వీలైనవి. పెరుగన్నం కూలర్‌లో ఐస్ మధ్య ఉండాలి. కూరలు, పులుసులు పిక్నిక్ బల్ల దొరికితేనే. మూత తెరిచి పెట్టిన గిన్నె సీగల్ పక్షులకి వదిలేసినట్టే. వాటికి మేత వేయకండి.

గ్రిల్ చేస్తే బొగ్గుల్ని ఇసుకలో పూడ్చొద్దు. పైకి చల్లారినట్టుండి లోపల గంటల తరబడి నిప్పు ఉంటుంది, తర్వాత వచ్చే పిల్లల కాళ్లు కాలతాయి. నీళ్లు పోసి, ఆర్పి, దానికి పెట్టిన డబ్బాలోనే వేయండి. కట్టెలు ఇంటి నుంచి తేకండి, పార్కు దగ్గరే కొనండి. చెట్లను చంపే పురుగులు కట్టెల్లో ప్రయాణిస్తాయి. గాజు సీసాలు ఇంట్లోనే వదిలేయండి.

11. రాళ్లు, గూళ్లు

తడిపితే తేనెపట్టు లాంటి గళ్లు కనిపించేది పెటాస్కీ రాయి, శిలగా మారిన పగడం. పొడిగా ఉంటే మామూలు బూడిద రాయే, అందుకే నీళ్ల అంచున వెతకండి. స్టేట్ పార్కుల్లో ఏడాదికి మనిషికి 25 పౌండ్ల దాకా ఏరుకోవచ్చు. స్లీపింగ్ బేర్‌లో ఒక్కటీ తీసుకోకూడదు.

తాళ్లు కట్టిన ఇసుక మేర కనిపిస్తే అటు వెళ్లొద్దు. పైపింగ్ ప్లోవర్ అనే చిన్న పిట్టలు నేల మీదే గుడ్లు పెడతాయి, అవి అంతరించిపోయే దశలో ఉన్నాయి. గుడ్లు గులకరాళ్లలాగే ఉంటాయి, అడుగు పడేదాకా తెలియదు.

12. బయల్దేరేముందు

- పిల్లలు తవ్విన గోతులు పూడ్చండి. చీకట్లో నడిచేవాళ్ల కాళ్లు విరుగుతాయి. మోకాలి లోతు కంటే ఎక్కువ తవ్వనివ్వకండి, ఇసుక కూలితే ఊపిరాడదు.
- మనుషుల్ని లెక్కపెట్టండి, తర్వాత సంచుల్ని.
- పార్కులు సాధారణంగా రాత్రి పదింటికి మూస్తారు. జూన్‌లో సూర్యాస్తమయం చూసి తీరిగ్గా సర్దుకునే టైము ఉండదు, కాబట్టి ముందే కారులో పెట్టేసి చాప ఒకటే ఉంచుకోండి.
- చీకటి పడ్డాక దారిలో జింకలు అడ్డొస్తాయి. వేగం తగ్గించండి.
- ఇల్లు చేరాక, ఎంత అలసటగా ఉన్నా, స్నానం చేయిస్తూ పిల్లల చెవుల వెనక, చంకల్లో, మోకాళ్ల వెనక పిడుదులు పట్టాయేమో చూడండి. కనిపిస్తే సన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగండి, నలపొద్దు. ఆ తేదీ రాసి పెట్టుకోండి, తర్వాత జ్వరం గానీ ఎర్రటి మచ్చ గానీ వస్తే డాక్టరుకి చెప్పడానికి.